మారనివ్వకుండా పెంచే విద్య

మూలకణాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అవి గుండెకణాలుగానో నాడీకణాలుగానో మారగలవన్న సంగతే ముందు వినిపిస్తుంది గానీ, ప్రయోగశాలలో వాటిని పెంచేవారి శ్రమలో సింహభాగం అవి వేళకు ముందే అలా మారిపోకుండా కాపాడటానికే పోతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1998లో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండ మూలకణాలను తొలిసారి వేరుచేసినప్పుడు, విభజన చెందకుండా ముందే కట్టడి చేసిన ఎలుక పిండకణాలను పళ్లెం అడుగున పరిచి, వాటి ఆసరాతో మూలకణాలను నిలబెట్టింది. పోషక కణాలనే ఆ పొరకు బదులుగా ఇప్పుడు చాలాచోట్ల మాట్రిజెల్ వంటి ప్రోటీన్ల పూతను వాడుతున్నారు. పోషక ద్రవంలో ఉండి కణాలను మూలదశలో నిలిపే ఎఫ్‌జీఎఫ్-2 అనే వృద్ధికారకం, అవి బతకడానికి కావలసిన 37 డిగ్రీల వేడిలోనే త్వరగా శక్తి కోల్పోతుంది కనుక, దాన్ని స్థిరపరచిన కొత్త ద్రవాలు వచ్చేవరకు ఆదివారమైనా పండుగైనా ద్రవం మార్చక తప్పేది కాదు.

ఈ విద్యలో యంత్రాలకన్నా ముందు పనిచేయవలసింది కన్ను. సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఆరోగ్యంగా ఉన్న కాలనీ, అంటే కలిసి పెరిగిన కణాల గుంపు, గీత గీసినట్టున్న అంచుతో, ఒకదానికొకటి ఒత్తుకున్న చిన్న కణాలతో కనిపిస్తుంది. అంచున కొన్ని కణాలు చదునుగా, విడివిడిగా పరచుకుంటే మార్పు మొదలైనట్టే కాబట్టి, ఆ భాగాన్ని పిపెట్ మొనతో గీకి తీసివేస్తారు. పళ్లెం నిండేలోగా, కణాలను అంటిపెట్టే కాల్షియాన్ని లాగేసుకునే ఈడీటీఏతో కాలనీలను చిన్న ముద్దలుగా విడదీసి కొత్త పళ్లేలకు మారుస్తారు. మానవ పిండ మూలకణాలు ఒంటరిగా విడిపోతే ఎక్కువభాగం చనిపోతాయి. రాక్ అనే ఎంజైమును అడ్డుకునే వై-27632 మందు ఆ మరణాలను బాగా తగ్గిస్తుందని జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2007లో చూపారు.

అయితే ఏపుగా పెరగడమే ఆరోగ్యానికి గుర్తు కాదన్నది ఈ పనివారు ఎన్నడూ మరువరాని పాఠం. 20వ క్రోమోజోములో ఒక భాగం అదనపు ప్రతిగా చేరిన కణాలు చావును తప్పించుకుని తక్కినవాటిని మించిపోతాయి గానీ, చూపుకు మాత్రం అవి మేలైన కణాల్లాగే ఉంటాయి. అందుకే క్రోమోజోములను తరచు పరీక్షించడం, తొలి తరాల కణాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచడం, ప్రతి మార్పిడినీ పుస్తకంలో నమోదుచేయడం విధిగా పాటించాలి. రోగి శరీరంలోకి వెళ్లే కణం ఎన్ని చేతులు మారిందో, ఏ పరీక్షలు దాటిందో చెప్పగలిగేది ఆ నమోదే గనుక, దాన్ని రాసేవారికి శిక్షణలోనూ గుర్తింపులోనూ ఆవిష్కర్తలతో సమానమైన స్థానం దక్కాలి.