వెనక అడుగుల చప్పుడు

సినిమా చూస్తుండగా వెనక స్పీకర్లోంచి అడుగుల చప్పుడు వస్తే ఒళ్లు జలదరిస్తుంది, అంతే. హీరో సంగతి హీరో చూసుకుంటాడు. ఆటలో అదే చప్పుడు వినబడితే వెనక్కి తిరగాల్సింది మనమే. గేమ్ కన్సోల్‌ని హోమ్ థియేటర్‌కి కలపడం గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పే మాట ఇది. సినిమా సౌండ్ ఎప్పుడో స్టూడియోలో మిక్స్ అయిపోయింది. ఆటలో మాత్రం చేతిలో స్టిక్ తిప్పిన ప్రతిసారీ ఏ శబ్దం ఎటు నుంచి రావాలో కన్సోల్ అప్పటికప్పుడు లెక్కగడుతుంది. ఆ లెక్కంతా దారిలో ఎక్కడో రెండు స్పీకర్లకి కుదించుకుపోతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

పాత హోమ్ థియేటర్లలో చాలావాటికి డిజిటల్‌గా ఉండేది ఒక్క ఆప్టికల్ పోర్టే. 2013 నాటి తొలి పీఎస్ 4కి ఆ పోర్టు ఉండేది. 2016లో వచ్చిన స్లిమ్ మోడల్‌కి తీసేశారు. 2020లో వచ్చిన పీఎస్ 5కీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కీ అసలు లేదు. అప్పుడు టీవీ ఆప్టికల్ పోర్టు నుంచి తీసుకోవాలి. కొన్ని టీవీలు అక్కడ స్టీరియో మాత్రమే వదులుతాయి. సవ్యంగా వదిలినా, కుదించకుండా ఆప్టికల్ వైరులో పట్టేది రెండు చానళ్లే, 5.1 కావాలంటే డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో నొక్కిపెట్టి పంపాలి. హెచ్‌డీఎంఐ అలా కాదు, 2002లో మొదటి వెర్షన్ నుంచే ఎనిమిది చానళ్లని కుదించకుండా మోస్తుంది.

అందుకే వీలైతే కన్సోల్ వైరుని నేరుగా రిసీవర్‌కి పెట్టి, అక్కణ్నుంచి టీవీకి తీసుకెళ్తాను. రిసీవర్ పాతదై 4కే బొమ్మని 120 హెర్ట్జ్‌లో దాటించలేకపోతే మాత్రం కన్సోల్‌ని టీవీకి కలిపి, సౌండ్‌ని టీవీ హెచ్‌డీఎంఐ పోర్టులోని ఈ-ఆర్క్ ద్వారా రిసీవర్‌కి వెనక్కి తెచ్చుకోవడమే మార్గం. దాని పాత రూపమైన ఉత్త ఆర్క్ సరిపోదు. దాని సామర్థ్యం ఇంచుమించు ఆప్టికల్ అంతే.

తర్వాత పీఎస్ 5 సెట్టింగ్స్‌లో సౌండ్, అందులో ఆడియో అవుట్‌పుట్. పరికరం ఏవీ యాంప్లిఫయర్ అని, చానళ్లు మన దగ్గరున్న స్పీకర్లని బట్టి 5.1 అనో 7.1 అనో ఎంచుకోవాలి. ఫార్మాట్ దగ్గర చాలామంది పేరు చూసి డాల్బీ నొక్కుతారు. నేను లీనియర్ పీసీఎం పెడతాను. కన్సోల్ చానళ్లని ఎలాగూ విడివిడిగానే తయారుచేస్తుంది. వాటిని మళ్లీ డాల్బీలోకి మూటగట్టడానికీ, రిసీవర్ ఆ మూట విప్పడానికీ కాస్త సమయం పడుతుంది. సినిమాలో అయితే బొమ్మని కూడా అంతసేపు ఆపి సరిచేసుకోవచ్చు. ట్రిగ్గర్ మీద వేలున్నవాడికి ఆ వెసులుబాటు లేదు.

అసలు పని స్పీకర్ల దగ్గరుంది. మన హాళ్లలో సోఫా గోడకి ఆనుకుని ఉంటుంది, వెనక స్పీకర్లు దాదాపు స్లాబు కింద వేలాడుతుంటాయి. అడుగుల చప్పుడు పైకప్పు నుంచి దిగుతుంటే ఎవడు ఎటు వస్తున్నాడో ఏం తెలుస్తుంది? 5.1కి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ముందు స్పీకర్లు మధ్యగీతకి చెరో 30 డిగ్రీల్లో ఉండాలి, సరౌండ్ స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య. అంటే చెవులకి పక్కగా, రవ్వంత వెనక. చిన్న ఫ్లాటుకి ఇది ఎంత మేలో! వెనక గోడ అక్కర్లేదు. సోఫాని ఒక అడుగు ముందుకి జరిపి, రెండు పక్కలా స్టాండ్ల మీద చెవి ఎత్తుకి కాస్త పైన పెడితే చాలు.

సరిచూసుకోడానికి నేను టెస్ట్ టోన్లని నమ్ముకోను. ఆటలో ఏదైనా వాగు పక్కనో మంట పక్కనో మనిషిని నిలబెట్టి, కుడి స్టిక్‌తో కెమెరాని మెల్లగా ఒక చుట్టు తిప్పుతాను. నీటి హోరు గదంతా తెగకుండా ఒక చుట్టు తిరిగిరావాలి. కుడి నుంచి వెనక్కి వెళ్లాల్సింది ఒక్కసారిగా ఎడమకి గెంతితే సరౌండ్ వైర్లు అటుదిటు అయినట్టే.

శబ్దం వచ్చే దిక్కు కొందరికి ఇంకా ముఖ్యం. 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' ఆటలో చూపు లేనివాళ్ల కోసం శబ్ద సంకేతాలు పెట్టారు. వాటిని పట్టుకుని ఆట చివరిదాకా ఆడినవాళ్లున్నారు. వాళ్లకి ఆ దిక్కులే దారి.

రాత్రి పూట కింది ఫ్లాటువాళ్లు తలుపు తడతారని చాలామంది మొత్తం వాల్యూమ్ తగ్గించేస్తారు. దానికి బదులు సబ్‌వూఫర్ ఒక్కటి తగ్గించండి. గోడలు దాటేది ఆ లోతు శబ్దమే, చెవికి దిక్కు తెలియనిదీ అదే. అడుగుల చప్పుడు మిగతా స్పీకర్లలో ఉంటుంది.