రాపిడిలో అరిగిన చేతులు: కెన్ బర్న్స్ ‘కంట్రీ మ్యూజిక్’

2019 సెప్టెంబరులో అమెరికా ప్రజా టెలివిజన్ పీబీఎస్‌లో ప్రసారమైన కెన్ బర్న్స్ ‘కంట్రీ మ్యూజిక్’ ఎనిమిది భాగాల డాక్యుమెంటరీ. నిడివి దాదాపు పదహారు గంటలు. రచన డేటన్ డంకన్‌ది. మొదటి భాగానికి పెట్టిన పేరు ‘ద రబ్’. నల్లవారి బాణీలూ తెల్లవారి బాణీలూ ఒరుసుకోకుండా ఈ సంగీతం పుట్టేది కాదని దాని ప్రతిపాదన. అది సరైనదే. చిక్కంతా రాపిడి అన్న మాటతోనే. రెండు చేతులూ సమానంగా అరిగినట్టు ధ్వనిస్తుంది.

1927లో బ్రిస్టల్ పట్టణంలో రాల్ఫ్ పీర్ కార్టర్ కుటుంబాన్నీ, జిమ్మీ రాడ్జర్స్‌నూ రికార్డు చేశాడు. ఆ తరువాతి ఏళ్లలో ఏ.పీ. కార్టర్ కొండపల్లెలు తిరిగి పాటలు సేకరించినప్పుడు వెంట నడిచినవాడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. కార్టర్ మాటలు రాసుకునేవాడు, రిడిల్ వరస మనసున పట్టేవాడు. కాపీరైటులో నిలిచింది మాత్రం కార్టర్ పేరు. డాక్యుమెంటరీ రిడిల్‌ను ఆప్యాయంగానే స్మరించి ముందుకు సాగిపోతుంది. హ్యాంక్ విలియమ్స్‌కు గిటారు నేర్పిన రూఫస్ పేన్ కథా అంతే. గురుశిష్య సంబంధంగా చెప్పేసరికి మనసు మెత్తబడుతుంది, పద్దు మరుగున పడుతుంది. గ్రాండ్ ఓల్ ఆప్రీ తొలి తారల్లో ఒకడైన డిఫోర్డ్ బెయిలీని 1941లో తొలగించిన ఘట్టం వద్ద మాత్రం ఆ మెత్తదనం పనిచేయదు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది 2005లో, మరణించిన ఇరవై మూడేళ్లకు.

కథ 1996 వద్ద ఆగడమూ గమనించదగినదే. ఒక సంస్థకు దేశం మొత్తం మీద ఎన్ని రేడియో స్టేషన్లుండవచ్చన్న పరిమితిని అమెరికా చట్టం ఎత్తివేసింది ఆ ఏడాదే. పాట ఎవరి చేతుల్లోకి పోయిందన్న ప్రశ్న అక్కడినుంచే మరింత పదునెక్కుతుంది.

బహ్రెయిన్‌లోని సీఫ్‌లో కూర్చుని ఈ డాక్యుమెంటరీ చూసే తెలుగు ప్రేక్షకుడికి పోలిక దూరంలో లేదు. సముద్రాన్ని పూడ్చి నిలబెట్టిన ఆ పేట పేరుకు అరబ్బీలో తీరమని అర్థం. దానికి పడమటనున్న కోట దిబ్బను డేనిష్ పురాతత్వ బృందం తవ్వింది. ఆ బృందంతో ముడిపడి ఈ దీవులకు వచ్చిన పౌల్ రోవ్‌సింగ్ ఓల్సెన్ ముత్యాల వేటగాళ్ల పాట ఫిజ్రీని రికార్డు చేశాడు. ‘నహ్హామ్’ అనే ముఖ్యగాయకుడు ఎత్తుకుంటాడు, తక్కినవారు మంద్రస్థాయిలో వంత పలుకుతారు, మట్టికుండ తాళమవుతుంది. పడవ యజమాని ఇచ్చిన ముందస్తు సొమ్ముకు వేటగాడు ఏళ్లతరబడి కట్టుబడి ఉండేవాడు. జపాను సాగుముత్యాల దెబ్బకు ఆ వ్యాపారం కూలింది. 1932లో చమురు పడింది. పాట ముహర్రక్ ఇళ్లలో మిగిలింది. 2021లో యునెస్కో జాబితాకెక్కింది. ఫిజ్రీని ముగ్గురు మనుషులు జిన్నుల వద్ద నేర్చుకున్నారని స్థానిక గాథ. మూలకర్త జిన్ను అయినచోట కాపీరైటు ఎవరు రాయించుకోగలరు?

తెలుగు సినిమా జిన్నులదాకా పోనక్కరలేదు. పల్లెపాటను తెచ్చుకుని, రచన అన్నచోట ‘జానపదం’ అని వేస్తే సరిపోతుంది. ఆ మాట వినయంగానే కనిపిస్తుంది. పాడినామె ఊరు, పేరు, ఆమెకిచ్చిన పైకం ఆ ఒక్క మాట వెనకే ఉండిపోతాయి. బర్న్స్ కనీసం రిడిల్ పేరు పలికాడు, ఫొటో చూపాడు.