బంకలో కనబడని జబ్బు

భద్రాచలం చుట్టుపక్కల ఎండు కొండల మీద రాళ్ల సందుల్లో వేళ్లు దింపుకుని బతికే తెల్లబెరడు చెట్టు తపసి. కోయలు వేసవిలో దానికి గాటు పెట్టి బంక తీస్తారు. ఆ బంక సంతలూ గిరిజన సహకార సంస్థ డిపోలూ దాటి విదేశాలకు చేరి, తినుబండారాల్లోనూ విరేచనకారి మందుల్లోనూ కట్టుడు పళ్లను అతికించే పొడిలోనూ కలుస్తుంది. ఆహార సంకలితాల పట్టికలో దాని గుర్తు ఇ416. ఇంత గిరాకీ ఉన్న చెట్టు చిక్కిపోతోందా లేదా అని తేల్చాలంటే సహజంగా ఎవరైనా అడిగేది ఈ ఏడు బంక ఎంత దిగిందని. అడగవలసింది మాత్రం నిరుడు పెట్టిన గాయం ఎంతవరకు మానిందని.

బంక గాయానికి చెట్టు ఇచ్చే జవాబు. కత్తి పడగానే బెరడులో, దాని కిందున్న కలపలో జిగురు నాళాలు పని మొదలుపెడతాయి. దెబ్బతో కొత్త నాళాలు కూడా పుడతాయి. కాబట్టి దిగుబడి ఎక్కువగా ఉందంటే చెట్టు బలంగా ఉందని కావచ్చు, మితిమీరి గాయపడిందనీ కావచ్చు. ఇంట్లో ఉప్పునీటి తొట్టెలో పగడాలు పెంచేవాళ్లదీ ఇదే చిక్కు. నీళ్లు వేడెక్కినా, ఉప్పు పాళ్లు తప్పినా పగడం జిగటను ఎక్కువగా వదులుతుంది. అది తెల్లబడి కనిపించేసరికి లోపల బతికే సూక్ష్మ నాచు చాలావరకు వెళ్లిపోయి ఉంటుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు రంగు ఒక్కదాన్నే నమ్ముకోరు, కొనల దగ్గర కొత్త పెరుగుదల ఉందా అని చూస్తారు. తపసి విషయంలో ఆ కొన గాయం అంచే.

ఆకులను చూసి చెప్పవచ్చు కదా అంటే, బంక తీసే ఎండల్లో తపసికి ఆకులే ఉండవు. మోడుగా కనిపించే కొమ్మ బతికే ఉండవచ్చు. నూగుతో నిండిన ఎర్రటి కాయలు విరగకాశాయని మాను ఆరోగ్యంగా ఉందనీ అనలేం. ఇక బెరడే గతి. మానుతున్న గాటు చుట్టూ బెరడు గుండ్రని పెదవిలా ఉబ్బి, ఏటేటా లోపలికి జరుగుతూ కలపను కప్పేస్తుంది. ఆ పెదవి సన్నగా ఎండి నిలిచిపోయినా, అంచు నల్లబడి బూజు పట్టినా, తొలిచే పురుగుల పొట్టు రాలుతున్నా చెట్టు నష్టాన్ని పూడ్చుకోలేకపోతోందని అర్థం. బంక నల్లబడిందని వెంటనే జబ్బు అనుకోకూడదు. బెరడు తునకలూ దుమ్మూ వానచినుకులూ చాలు, రంగు మారడానికి. వ్యాపారి తూకం దగ్గర చూసే రంగుకూ చెట్టు ఆరోగ్యానికీ మధ్య చుట్టరికం అంత దగ్గరిది కాదు.

ఇంతకీ గొడ్డలితో మానును నరికింది సేకరించేవాళ్లే కదా, వాళ్ల పద్ధతికి విలువేమిటి అని ఒక ఆక్షేపణ ఉంది. నిజమే, గొడ్డలి దెబ్బ బెరడును పెరిగేలా చేసే పలుచని పొరను దాటి కలపలోకి దిగితే అక్కడ మానడానికి ఏమీ మిగలదు. చాలాచోట్ల తపసి అలాగే చచ్చింది. అయితే తప్పు పనిముట్టుదీ తొందరదీ. చెట్టును ఎరిగినతనానిది కాదు. విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ గిరిజన సహకార సంస్థతో కలిసి నేర్పిన మేలైన పద్ధతి కూడా ఆ సేకర్తల చేతుల మీదే నిలబడింది. చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటని చెట్టును ముట్టకపోవడం, చిన్న కత్తితో పైపైన గాటు పెట్టడం, తర్వాత అంచును కొన్ని మిల్లీమీటర్లే చెక్కడం, బంకను నేల తాకకుండా తీయడం. లోతు ఎక్కడ ఆపాలో పుస్తకం అంకె చెబుతుంది, మణికట్టుకు తెలియాలి. పాత గాయాన్ని చదవగలిగినవాడికే కొత్త గాటు ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది.

రెండో ఆక్షేపణ రసాయనం వైపు నుంచి వస్తుంది. ఎథెఫాన్‌ను మానులోకి ఎక్కిస్తే బంక ఎన్నో రెట్లు పెరుగుతుందనీ గాయం కూడా త్వరగా మానుతుందనీ పరిశోధనలు చెప్పాయి. అలాంటప్పుడు ఈ కంటిచూపు ఎందుకంటారు. ఎథెఫాన్ చెట్టులో విడుదల చేసేది ఇథిలీన్‌ను, అంటే గాయపడినప్పుడు మొక్క తానే పుట్టించుకునే వాయువును. దాని వల్ల చెట్టు జవాబు పెద్దదవుతుందే తప్ప, ఆ జవాబు ఇచ్చే శక్తి ఇంకా ఎన్నేళ్లు ఉంటుందో దిగుబడి చెప్పదు. మందు వాడినచోట గాయాన్ని మరింత శ్రద్ధగా చూడాలి.

అసలు చిక్కు ఆక్షేపణల్లో లేదు, ధరలో ఉంది. 2013-14లో కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం తెచ్చినప్పుడు తపసి బంకనూ చేర్చింది, మంచిదే. కానీ ధర కిలోకే, చెట్టుకు ఒక ఏడు విశ్రాంతి ఇచ్చినవాడికి ఏమీ రాదు. 2006 అటవీ హక్కుల చట్టం సేకరించి అమ్ముకునే హక్కుతో పాటు అడవిని కాపాడుకునే అధికారాన్ని కూడా గ్రామసభకు ఇచ్చింది. ఏ చెట్టు ఎవరి వంతో గ్రామసభ ముందే తేల్చకపోతే, నేను వదిలిన చెట్టుకు రేపు పక్కవాడు గాటు పెడతాడన్న భయమే గెలుస్తుంది. పైగా ఈ ప్రాంతం ఇప్పుడు రెండు రాష్ట్రాల మధ్య చీలి ఉంది: చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఈ సరిహద్దుకు అటూ ఇటూ ఏ డిపోలో అయినా తూకం వేసేది బంకనే; ఏ చెట్టు గాయం మానలేదో అక్కడి లెక్కల పుస్తకంలో రాసుకోవడానికి గడి లేదు.