సైకిల్‌ని దాటే విద్య

కారు నడిపేవాళ్లకీ సైకిల్ తొక్కేవాళ్లకీ మధ్య గొడవంతా నాలుగైదు సెకన్లలో ఉంటుంది. వెనక నుంచి వచ్చిన బండి ముందున్న సైకిల్‌ని దాటే ఆ కాసేపట్లో. అంతకు ముందు ఇద్దరికీ పరిచయం ఉండదు, తర్వాత మళ్లీ కలిసేదీ ఉండదు. కానీ ఆ కాసేపట్లో బండివాడు ఎంత చోటు వదిలాడు, ఎంత వేగంతో వెళ్లాడు అన్నదాని మీద సైకిల్ మీదున్న మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తాను. ఇంట్లోవాళ్లందరితో ఊరికి వెళ్లాల్సి వస్తే కారు నేనే నడుపుతాను. రెండు చోట్లా కూర్చున్నాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే. సైకిల్‌ని దాటడం ఒక విద్య. గేరు మార్చడం, బండి వెనక్కి తీయడం నేర్చుకున్నట్టే దాన్నీ నేర్చుకోవాలి. అది మనకి ఎవరూ నేర్పడం లేదు.

లైసెన్సు కోసం ఆర్టీఏ ఆఫీసుకి వెళ్తే బైకువాళ్ల చేత ఎనిమిది వేయిస్తారు, కారువాళ్ల చేత హెచ్ ట్రాక్‌లో బండిని ముందుకీ వెనక్కీ నడిపిస్తారు. ముందు పోతున్న సైకిల్‌ని ఎంత దూరం నుంచి గమనించాలి, ఎప్పుడు వేగం తగ్గించాలి, పక్కన ఎంత ఎడం ఉంచాలి అని ఎవరూ అడగరు. 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నిబంధనలు మాత్రం పాదచారులు, సైక్లిస్టులు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగుల భద్రత మీద డ్రైవరు ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని చెబుతున్నాయి. ఆ మాట కాగితం దాటి పరీక్ష ట్రాక్ దాకా రాలేదు.

ముందుగా తొందర సంగతి చూద్దాం. స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్లకి నెమ్మదిగా పోయే ప్రతిదీ అడ్డంగానే కనిపిస్తుంది. ఒకసారి లెక్క వేయండి. మామూలు సైకిల్ గంటకి 15 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దాని వెనకాలే 200 మీటర్లు వెళ్లాల్సి వచ్చిందనుకుందాం, 48 సెకన్లు పడుతుంది. సైకిల్ లేకుండా 40 వేగంతో వెళ్తే 18 సెకన్లు. తేడా అర నిమిషం. పంజాగుట్టలోనో అమీర్‌పేటలోనో వచ్చే ఒక్క ఎర్ర లైటు అంతకంటే ఎక్కువసేపు ఆపుతుంది. మనల్ని రాసుకుంటూ దూసుకెళ్లిన కారు పక్కకే, తర్వాతి సిగ్నల్‌లో, నింపాదిగా వెళ్లి చేరుకోవడం నగరంలో సైకిల్ తొక్కే ప్రతి ఒక్కరికీ అలవాటైన అనుభవం.

రెండో ఫిర్యాదు, సైకిల్‌వాళ్లు అంచుకి పోరని. రోడ్డు ఎడమ అంచుని ఒక్కసారి కిందికి చూస్తూ నడవండి, కారణం తెలుస్తుంది. మట్టి, కంకర, గాజు పెంకులు అక్కడికే చేరతాయి. రోడ్డు మీద మళ్లీ మళ్లీ తారు వేస్తే మ్యాన్‌హోల్ మూతలు గుంటల్లోకి దిగిపోతాయి. వాన నీళ్లు పోయే ఇనుప జాలీల ఊచలు మనం వెళ్లే దిశలోనే ఉంటే సన్నటి చక్రం వాటి మధ్య ఇరుక్కుంటుంది. ఇవి కాక ఆగి ఉన్న కార్లు, సవారీ కోసం హఠాత్తుగా పక్కకి తీసే ఆటోలు, స్టాపులోకి వచ్చే సిటీ బస్సులు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అంచు నుంచి దాదాపు ఒక మీటరు లోపలికి తొక్కుతారు. అది పొగరు కాదు. గుంట వస్తే తప్పుకోవడానికి చేతిలో ఉంచుకున్న చోటు. అంచుకి అతుక్కుని తొక్కేవాడికి తప్పుకోవడానికి ఒకటే దిక్కు మిగులుతుంది, కుడివైపు. అంటే మీ చక్రాల వైపు.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. రెండు చక్రాల బండి వేగంగా పోతున్నప్పుడే నిలకడగా ఉంటుంది. వేగం తగ్గేకొద్దీ హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఎత్తుల్లో, ఫ్లైఓవర్ ఎక్కేచోట సైకిల్ తిన్నగా గీత గీసినట్టు పోదు, పోలేదు. సరిగ్గా అక్కడే వెనక బండ్లు ఊపు తగ్గకూడదని యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కుతాయి. పక్కనుంచి పెద్ద లారీ వేగంగా వెళ్తే దాని గాలి ముందు బయటికి తోస్తుంది, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. కార్లో కూర్చున్నవారికి ఈ సంగతి తెలిసే వీలే లేదు.

ఇంతకీ ఎంత ఎడం వదలాలి? బ్రిటన్ తన హైవే కోడ్‌ని 2022 జనవరిలో సవరించి, గంటకి 30 మైళ్ల లోపు వేగంతో వెళ్లేవాళ్లు సైకిల్‌కి కనీసం 1.5 మీటర్లు వదలాలని, వేగం పెరిగితే ఇంకా ఎక్కువ వదలాలని రాసుకుంది. ఈ కొలత వెనక సూటి కారణం కనిపిస్తుంది నాకు. సైకిల్ పక్కకి ఒరిగిపోతే తొక్కేవాడి తల పడేది దాదాపు అంత దూరంలోనే. మన రోడ్లు అంత వెడల్పు లేవని అంటారు. నిజమే, చాలా వీధులు లేవు. చోటు లేనప్పుడు చేయాల్సింది దూరటం కాదు, ఆగడం. ఎదురుగా వచ్చే బండి వెళ్లిపోయేదాకా సైకిల్ వెనకాలే నెమ్మదిగా వచ్చి, దారి దొరికాక పూర్తిగా కుడికి తీసుకుని దాటాలి. దాటాక కూడా అద్దంలో సైకిల్ మొత్తం కనిపించేవరకు ఎడమకి రాకూడదు.

హారన్ విషయం చాలామందికి అర్థం కాదు. దూరం నుంచి చిన్నగా ఒక్కసారి కొడితే అది సమాచారం, మేలు చేస్తుంది. చెవి పక్కకి వచ్చి గట్టిగా కొడితే మనిషి ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడ్డవాడు కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. తల ఎటు తిరిగితే హ్యాండిల్ అటు వెళ్తుంది. అంటే దారి ఇమ్మని కొట్టిన హారనే సైకిల్‌ని కారు ముందుకి తెస్తుంది.

మలుపుల దగ్గర ప్రమాదం మరో రకం. సైకిల్‌ని దాటీ దాటగానే దాని ముందు నుంచే ఎడమ వీధిలోకి తిప్పేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. మలుపు యాభై మీటర్లలో ఉంటే దాటకండి, సైకిల్ ముందుకి వెళ్లాక తిప్పండి. ఇక బస్సు, లారీ డ్రైవర్లకి ఎడమ ముందు మూల అసలు కనిపించదు. సిగ్నల్ దగ్గర సందు దొరికిందని ఆ మూలలోకి దూరే సైకిల్‌వాళ్లకి నేను చెప్పేది ఇదే: అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే మీరు అతనికి కనిపించడం లేదు. వెనకే ఉండండి.

ఆగిన కారు తలుపు కూడా మనిషిని పడేస్తుంది. నెదర్లాండ్స్‌లో దీనికి చాలా సులువైన అలవాటు ఉంది. తలుపుకి దగ్గరగా ఉన్న చేత్తో కాకుండా రెండో చేత్తో తీస్తారు. మన కార్లలో డ్రైవరు ఎడమ చేత్తో, ఎడమవైపు కూర్చున్నవారు కుడి చేత్తో తీస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వచ్చేవాళ్లు కనిపిస్తారు. పిల్లలకి ఒక వారంలో నేర్పవచ్చు.

బండ్లవాళ్ల ఫిర్యాదుల్లోనూ నిజం ఉంది. లైటు లేని సైకిల్ చీకట్లో ఎవరికీ కనిపించదు. ఒకప్పుడు డైనమో లేకుండా రాత్రిపూట తొక్కితే పోలీసులు ఆపి గాలి తీసేవారు, మున్సిపాలిటీ పన్ను కట్టించుకుని బిళ్ల ఇచ్చేది. ఆ రోజులు పోవడంతో లైటూ పోయింది. వెనక ఒక ఎర్ర లైటు, మడ్‌గార్డుకి ఒక రిఫ్లెక్టర్ స్టిక్కరు పెద్ద ఖర్చు కాదు. ఎదురుదారిలో రావడం ఇంకా ప్రమాదం. సందులోంచి బయటికి వచ్చే డ్రైవరు బండ్లు వచ్చే వైపే చూస్తాడు, మనం రెండో వైపు నుంచి వస్తాం. ఆదివారం పొద్దున్న గండిపేట దారిలో గుంపులుగా వెళ్లే మిత్రులు, వెనక బండి ఆగిందని తెలిసినప్పుడు ఒకే వరసలోకి రావాలి. చెయ్యి చాపి చెప్పకుండా కుడికి తిరగకూడదు. ఎర్ర లైటు సైకిల్‌కీ ఎర్ర లైటే.

కాకపోతే ఇద్దరి తప్పులూ సమానం అంటే నేను ఒప్పుకోను. సైకిల్, మనిషి కలిసి వంద కిలోలు ఉండరు. చిన్న కారు కూడా టన్ను బరువుకి అటూ ఇటూగా ఉంటుంది. దెబ్బ తీవ్రత వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 30కి బదులు 60లో వస్తే గుద్దే శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. సైకిల్‌వాడు తప్పు చేస్తే సాధారణంగా చచ్చేది సైకిల్‌వాడే. కారువాడు తప్పు చేసినా చచ్చేది సైకిల్‌వాడే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నాలుగున్నర వేల మందికి పైగా సైకిల్ మీద వెళ్తున్నవాళ్లు. ఎవరి చేతిలో బరువు, వేగం ఎక్కువ ఉన్నాయో జాగ్రత్త బాధ్యత కూడా వారి మీదే ఎక్కువ ఉండాలి. ఇది దయ కాదు, న్యాయం.

ఆ సైకిల్ మీద ఉన్నది ఎవరో కూడా చూడాలి. హెల్మెట్, రంగుల జెర్సీ వేసుకున్న నాలాంటివాళ్లు కొద్దిమంది. నగరం నిద్రలేవక ముందే పేపర్లు వేసే కుర్రాళ్లు, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్లు, వెనక క్యారియర్‌కి ఫ్లాస్కు కట్టుకుని టీ అమ్మేవాళ్లు, పారా, తాపీ హ్యాండిల్‌కి తగిలించుకుని పనికి పోయే మేస్త్రీలు, వీళ్లు ఎక్కువమంది. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది, కారు ఉన్న ఇళ్లు 5 శాతం కూడా లేవు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు. మంచి పని. కానీ ఆ పిల్లలు స్కూలుకి వెళ్లేది ఊరిని రెండుగా చీల్చుకుపోయే హైవే అంచు మీద. సైకిల్ ఇచ్చిన ప్రభుత్వం ఆ పిల్ల తొక్కడానికి దారి కూడా ఇవ్వాలి.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి. నేను అక్కడ సంతోషంగా తొక్కాను, వ్యాయామానికి అంత మంచి చోటు దొరకదు. అయితే బోరబండ నుంచి ఎస్‌ఆర్ నగర్ పనికి వెళ్లే మేస్త్రీకి అది అక్కరకి రాదు. అతనికి కావాల్సింది తన వీధిలోంచి తన పని చోటుకి ప్రాణభయం లేకుండా చేర్చే రోడ్డు. రోడ్డు స్థలాన్ని వాహనాలను చూసి కాదు, మనుషులను చూసి పంచాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. కానీ వేసిన ట్రాకుల్లో చాలావరకు పార్కింగ్‌కి, బండి కొట్లకి పోతున్నాయి. గీత గీస్తే సరిపోదు, గట్టు కట్టాలి.

అన్ని వీధుల్లో ట్రాకు వేయలేం. వేయలేని చోట వేగం తగ్గించగలం. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రతా సదస్సు, మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లు దాటకూడదని ప్రకటించింది. నెదర్లాండ్స్ కూడా పుట్టుకతో సైకిళ్ల స్వర్గం కాదు. 1970ల మొదట్లో అక్కడ రోడ్ల మీద పిల్లలు చనిపోతుంటే తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ఉద్యమం చేశారు, ఆ తర్వాతే దారులు మారాయి. మన కాలనీ సంఘాలు, కార్పొరేటర్లు స్కూళ్లున్న వీధులతో మొదలుపెట్టవచ్చు. సరైన కొలతతో స్పీడ్‌బ్రేకర్లు, 30 అని రాసిన బోర్డులు, అంచుల్లో సమం చేసిన మ్యాన్‌హోల్ మూతలు. వీటికి ఫ్లైఓవర్ అంత డబ్బు అక్కర్లేదు. ఆర్టీఏ పరీక్షలో సైకిల్‌ని దాటడం ఒక భాగం చేస్తే దానికి ఖర్చే లేదు.

అదంతా జరిగేదాకా చేయగలిగింది స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల చేతిలోనే ఉంది. రేపు ఉదయం మీ ముందు సైకిల్ కనిపిస్తే యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయండి. హారన్ మీద చెయ్యి వేయకండి. మీటరున్నర వదలగలిగితే దాటండి, లేకపోతే ఆగండి. మీకు పోయేది అర నిమిషం.