తీగ తాహతు ఎరిగిన చేయి

ఇంటి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ పనితనం గోడ మీది స్విచ్‌బోర్డు నునుపులో కాక, లోపలి తీగకూ సాకెట్‌కూ పొంతన కుదర్చడంలో ఉంటుంది. 230 వోల్టుల సరఫరాపై 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది కనుక దానికి 6 ఆంపియర్ల సాకెట్ చాలదు, 16 ఆంపియర్లది కావాలి. అయితే లైట్లకు వేసిన సన్నని తీగకే పెద్ద సాకెట్ బిగిస్తే రంధ్రాలు పెద్దవవుతాయి గాని తీగ తాహతు పెరగదు. పని తెలిసినవాడు గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను విడిగా లాగి, మితిమీరిన కరెంటు పారితే దానంతటదే ట్రిప్ అయ్యే ఎం.సి.బి.ని ఆ తీగ భరించగలిగినదాన్ని బట్టే ఎంచుకుంటాడు. ఎవరూ చూడకపోయినా పాటించే ఈ నిష్ఠ ఎంతో గౌరవించదగినది. స్క్రూ బిగించాక తీగను ఒకసారి గుంజి చూస్తాడు, ఎందుకంటే వదులైన కొస వేడెక్కి సాకెట్‌నే మాడ్చేస్తుంది.