సాక్ష్యానికి ఉన్నంతే ఫిర్యాదుకు బలం

2013 మే 22న లండన్‌లోని ఊలిచ్‌లో లీ రిగ్బీ అనే సైనికుణ్ణి ఇద్దరు వ్యక్తులు ఇస్లాం పేరు చెప్పి పట్టపగలు నరికి చంపారు. తర్వాత కొద్ది రోజుల్లోనే ముస్లింలకు వ్యతిరేకంగా 212 సంఘటనలు జరిగాయని 'టెల్ మామా' సంస్థ ప్రకటించింది. అలాంటి ఘటనలను నమోదు చేయడానికే 2012లో ఏర్పడిన సంస్థ ఇది. దాడులు వెల్లువెత్తాయన్న మాట దేశమంతా వ్యాపించింది.

జూన్ మొదట్లో టెలిగ్రాఫ్ పత్రిక ఆ లెక్కను విడదీసి చూపింది. అందులో 57 శాతం కేవలం ఇంటర్నెట్‌లోని రాతలు; మరో 16 శాతం నిర్ధారణ కానివి.

దూషణ చిన్న విషయమని ఎవరూ అనరాదు. ఇంట్లో ఉన్న స్త్రీకి వచ్చిన బెదిరింపు ఆమె నిద్రను హరిస్తుంది. అయితే రాతనూ, దెబ్బనూ ఒకే అంకెలో కలిపి 'దాడులు' అంటే వినేవాడు పొరబడతాడు. అసలు సంగతి తెలిసిన నాడు నిజమైన దాడిని కూడా శంకిస్తాడు.

విమర్శకులలో కొందరు చేసిన తప్పు ఇంకొకటి. అంకె పెద్దదిగా కనబడింది గనుక ప్రమాదమే లేదన్నారు. కాని ఆ జూన్, జూలై నెలల్లోనే వాల్సాల్, వుల్వర్‌హాంప్టన్, టిప్టన్‌లలో మసీదుల వద్ద బాంబులు పెట్టారు. టిప్టన్‌లో రంజాన్ కారణంగా జుమా నమాజు గంట ఆలస్యమైంది; అందుకే ప్రాణాలు దక్కాయి. ఆ నేరస్థుడే ఏప్రిల్ 29న, అంటే ఊలిచ్ హత్యకు ముందే, బర్మింగ్‌హామ్‌లో మసీదు నుంచి ఇంటికి వెళుతున్న 82 ఏళ్ల వృద్ధుణ్ణి పొడిచి చంపాడు. కనుక ఘటన నిజమైనంత మాత్రాన దానికి చెప్పే కారణం కూడా నిజమవుతుందని అనుకోరాదు.

ఈ విషయంలో ముస్లింల చేతిలో పాత కొలమానమే ఉంది. ఖుర్ఆన్ సూరాల ఘనతను చాటాలన్న సదుద్దేశంతో కొందరు హదీసులు కల్పించారు. ముహద్దిసులు ఉద్దేశాన్ని చూసి కనికరించలేదు, వాటిని తోసిపుచ్చారు. సహీహ్, హసన్, జయీఫ్ అని ఉల్లేఖనాలను వేరుచేశారు. అలా ఏరివేసినందువల్ల హదీసు బలహీనపడలేదు, బలపడింది.

నివేదికలకూ ఇదే వర్తిస్తుంది. కోర్టులో రుజువైనవి, పోలీసులు నమోదు చేసినవి, బాధితుడు మాత్రమే చెప్పినవి వేర్వేరు వరుసల్లో ఉండాలి. మాట వేరు, దెబ్బ వేరు అని తెలియాలి. తమకు వ్యతిరేకమైనా న్యాయంగా సాక్ష్యమివ్వమని నిసా సూరా 135వ ఆయతు విశ్వాసులను ఆదేశించింది. తమ పక్షాన ఇచ్చే సాక్ష్యానికి ఆ నియమం సడలదు. ఆ వృద్ధుడి హత్యకు బలం చేకూర్చడానికి మరే అంకె అక్కరలేదు.