‘విశ్రాంతి లేని కాళ్ళు’: ఒక అనువాద పదంపై విమర్శ (ఆదోని, ఎమ్మిగనూరు శ్రమజీవన నేపథ్యం)

1. ఉపోద్ఘాతం

రాత్రి నడుము వాల్చగానే కాళ్ళలో చెప్పనలవికాని అలజడి మొదలై, కదిపితే తప్ప ఊరుకోనీయని స్థితిని వైద్యులు ‘రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్’ అంటారు. 1672లో థామస్ విల్లిస్ దీనిని వర్ణించాడు. 1945లో స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ రచనతో నేటి పేరు స్థిరపడింది. దీనిని తెలుగులో ‘విశ్రాంతి లేని కాళ్ళు’ అంటే అర్థం తలకిందులవుతుందనీ, ఆ పొరపాటు శ్రమజీవుల ప్రాంతాల్లో రోగిని దారి తప్పించగలదనీ నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. పదం – ప్రాంతం

తెలుగులో ‘విశ్రాంతి లేని’ అంటే విశ్రాంతి దొరకని అని అర్థం. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఊరు ఎమ్మిగనూరు. అక్కడ గుంత మగ్గంలో కూర్చొని పగలంతా కాళ్ళాడించే నేతగానికీ, ఆదోని పత్తి మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకీ, సుగ్గికని గుంటూరు మిరప చేలకు వలసపోయే కూలికీ ఈ మాట తమ బతుకు వర్ణనగానే వినిపిస్తుంది. పని ఎక్కువై వచ్చిన నొప్పి అనుకుంటారు. విశ్రాంతి తీసుకొమ్మనే సలహా దానికి సహజంగా తోడవుతుంది.

వాస్తవం ఇందుకు విరుద్ధం. కాళ్ళు కదిలించాలన్న ఆగని తపన, అది విశ్రాంతిలో మొదలు కావడం లేదా పెరగడం, కదిలితే తగ్గడం, సాయంత్రం, రాత్రి వేళల్లో ముదరడం ఈ రుగ్మత ప్రధాన లక్షణాలు. విశ్రాంతి ఇక్కడ మందు కాదు, అలజడిని రేపే సందర్భం. సీమ పలుకుబడిలోని ‘కాళ్ళు గుంజుతాండాయి’ అన్న మాట అలసటకూ, మధుమేహ నరాల నొప్పికీ, దీనికీ చెల్లుతుంది. కనుక ‘నడిస్తే తగ్గుతుందా? పొద్దుగూకితే పెరుగుతుందా?’ అన్న ప్రశ్నలే తేడాను పట్టిస్తాయి.

3. మెదడు – జ్ఞాపకశక్తి

ఈ రుగ్మత మూలం కాళ్ళలో కంటే మెదడులోనే ఎక్కువగా ఉన్నదని పరిశోధనలు సూచిస్తున్నాయి. రక్తంలో ఇనుము సరిపడా ఉన్నా మెదడులో కొరవడవచ్చు. డోపమైన్ తయారీకి ఇనుము అవసరం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతంతా ఇనుము లోపం కాదు. అయినా ఇక్కడ ఈ ప్రశ్నలు అడగడానికి ఆ అంకె చాలు.

జ్ఞాపకశక్తి విషయంలో పరిశోధనల ఫలితాలు ఒకే దారిలో లేవు. 2006 నాటి ఒక అధ్యయనం ఈ రోగుల్లో మెదడు ముందుభాగపు పనులు నిద్రలేమిలో మాదిరిగానే దెబ్బతిన్నాయని చూపింది. 2008లో మరో అధ్యయనంలో, అంతే తక్కువ నిద్రతో ఉంచిన ఆరోగ్యవంతుల కంటే ఈ రోగులే మాటలు గుర్తుచేసుకొని చెప్పే పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. మెదడు అతిజాగ్రదవస్థలో ఉండటమే ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకుల ఊహ. కాబట్టి దీనిని ‘మతిమరుపు జబ్బు’గా ప్రచారం చేయడం తొందరపాటు. అలాగే రాత్రంతా నిద్రలేక, పగలు పోగు తప్పిన నేతగత్తెను ‘ధ్యాస లేనిది’ అని నిందించడం అన్యాయం.

4. ముగింపు

‘కుదురులేని కాళ్ళు’ అన్న పదాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘కుదురులేని పిల్ల’ అన్నప్పుడు వినిపించే నిందార్థం దీనికీ అంటుకోవచ్చునన్న అభ్యంతరం సబబే. అయితే కుదురు లేనిది మనిషికి కాదు, కాళ్ళకు అని ఆ సమాసమే చెబుతున్నది. పైగా నిలకడగా ఉండలేకపోవడమన్న అసలు లక్షణాన్ని పట్టుకొన్నది. ‘విశ్రాంతి లేని’ అన్న మాట రోగిని మంచానికి పంపుతుంది; ‘కుదురులేని’ అన్న మాట వైద్యుని వద్ద సరైన ప్రశ్నకు దారి తీస్తుంది. వైద్య పరిభాషను నిర్మించేవారు నిఘంటువుతో పాటు మగ్గం గుంతలోని మాటనూ వినవలసి ఉంది.